కండక్టరమ్మ ఖాకీ కోటు

నేను ఒక చలికోటుని. పుట్టింది కొత్తగూడెంలో. రోహిణి కార్తెలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే ఊళ్లో చలికోటు పుట్టడమేమిటని ఇప్పటికే చాలామంది నవ్వారు. మీరూ నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

నన్ను కుట్టిన యాకూబ్ భాయ్ జన్మలో మంచు చూసి ఎరగడు. చూసిందల్లా బస్టాండు ముందు సోడా బండిలో రంపపు పొట్టు కప్పిన ఐసు దిమ్మెలు. ఆయన దుకాణం బస్సు డిపో ఎదురుగా ఉంటుంది. తండ్రి కాలం నుంచీ కండక్టర్లకూ డ్రైవర్లకూ యూనిఫాంలు కుట్టడమే పని. అలాంటి మనిషి దగ్గరికి ఒక ఉదయం కండక్టర్ వజ్రమ్మ వచ్చి, తన వాటాకు వచ్చిన కొత్త ఖాకీ గుడ్డను బల్ల మీద పెట్టింది.

"భాయ్, మా స్వరూప కెనడా పోతాంది. ఆడ చలి బాగుంటదంట. మంచిగ ఓ కోటు కుట్టు."

"ఖాకీతోనా అక్కా? పిల్ల పోలీసోళ్ల లెక్క కనబడతది."

"కనబడనీ. ఎవడూ జోలికి రాడు."

యాకూబ్ భాయ్ ఆలోచించి, చలికి మందు బొంతే అని తేల్చాడు. నా లోపల బొంతలో కూరినట్టు దూది కూరి గళ్లు గళ్లుగా కుట్టాడు. అక్కడిదాకా బాగానే ఉంది. జేబుల దగ్గరికి వచ్చేసరికి ఆయన బుర్ర పక్కకు తప్పుకుంది, చెయ్యి తన పాత అలవాటు చూపించింది. కుడి పక్కన చిల్లర కోసం మోచేతి దాకా దిగే జేబు, ఎడమ రొమ్ము మీద విజిలు కోసం చిన్న జేబు పడ్డాయి. కెనడా వెళ్లే ఇంజనీరు విజిలు ఎందుకు ఊదుతుందన్న అనుమానం ఆయనకు రాలేదు. కుట్టడం అయ్యాక నన్ను చిలక్కొయ్యకు తగిలించి, చేతులు కట్టుకుని, చాలాసేపు మురిసిపోయాడు. ఆ ఏడాదంతా వజ్రమ్మ మోచేతుల దగ్గర అతుకులు వేసిన పాత యూనిఫాంతోనే డ్యూటీ చేసింది.

అంత ప్రేమగా కుట్టించింది కదా, తల్లీకూతుళ్లు ఎంత అన్యోన్యంగా ఉన్నారో అనుకుంటూ ఆ ఇంట్లో అడుగుపెట్టాను. చూస్తే ఇద్దరికీ మాటల్లేవు. అన్నం కంచం ముందు పెట్టడం, చెంబుతో నీళ్లు పెట్టడం, అంతే. కారణం నాకు ముందే తెలుసు. దర్జీ దుకాణంలో వారం రోజులు వేలాడితే ఊరి సంగతులన్నీ చెవిన పడతాయి.

స్వరూప హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వజ్రమ్మ తిరిగేది ఇల్లందు నుంచి గుండాల వెళ్లే అడవి దారిలో. ఆ దారిలో జనం బస్సు కోసం ఎండలో గంటలు గంటలు నిలబడటం స్వరూప చిన్నప్పటి నుంచీ చూసింది. అప్పటికి అక్కడి ఊళ్లలో పెద్ద ఫోన్లు లేవు, ఉన్నవన్నీ బొత్తాల ఫోన్లే. కానీ మిస్డ్ కాల్ ఇవ్వడం రానివాళ్లు లేరు. దానిమీదే స్వరూప తన ఆలోచన నిలబెట్టింది. బస్సు ఎక్కడుందో కనిపెట్టడానికి బస్సులో ఒక చిన్న పెట్టె, ప్రతి స్టాపులో గోడ మీద రాసిన ఒక నంబరు. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ మోగుతుంది. ఎత్తితే బస్సు ఎక్కడ ఉందో, ఎంతసేపట్లో వస్తుందో చెబుతుంది. చెప్పే గొంతు వజ్రమ్మది. ఆ దారిలో ఆ గొంతు తెలియని పసిపిల్ల కూడా లేదు కాబట్టి, కూతురు అమ్మచేతే చెప్పించింది.

మొదట్లో అంతా మెచ్చుకున్నారు. తర్వాత సంత రోజు వచ్చింది. ఆ రోజు బస్సులోకి మనుషులకంటే ముందు గంపలు ఎక్కుతాయి, గంపలకంటే ముందు కోళ్లు ఎక్కుతాయి. స్టాపు ఉన్నా లేకపోయినా చెయ్యెత్తిన ప్రతిచోటా బస్సు ఆగాలి. స్వరూప లెక్కలో దారి ఉంది, దూరం ఉంది, వేగం ఉంది. సంత లేదు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని ఈసం నరసమ్మ అనే ఆవిడ ఆసుపత్రికి బయల్దేరి మిస్డ్ కాల్ ఇచ్చింది. పది నిమిషాల్లో బస్సు వస్తుందని వజ్రమ్మ గొంతు చెప్పింది. ఎదురుగా వచ్చిన ఆటోను ఆవిడ పంపించేసింది. బస్సు గంటకు పైగా ఆలస్యంగా వచ్చింది. ఆవిడ ఎక్కి అందరి ముందూ అడిగింది.

"నీ మాట నమ్మి ఎండల నిలబడ్డ వజ్రమ్మక్కా. ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

బిడ్డకు ఏమీ కాలేదు, తగ్గిపోయింది. వజ్రమ్మకు మాత్రం తగ్గలేదు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూతురితో అంది, "నా గొంతు తీసెయ్. ఈ దారి మీద నేను సంపాయించుకున్నది నా మాట మీద నమ్మకం ఒక్కటే. దాన్ని నీ మిషన్ల పెట్టి పోగొట్టినవ్." స్వరూప పెట్టె ఆపేసింది. అది జరిగిన నెలకే కెనడా పిలుపు వచ్చింది. సాంకేతిక రంగంలో పనిచేసే ఆడవాళ్లను చాలా దేశాల నుంచి పిలిచి, ఆరు వారాలు అక్కడి నిపుణుల పక్కన కూర్చోబెట్టి పని నేర్పించే కార్యక్రమం అది. చెడిపోయిన పని పట్టుకుని అంత దూరం వెళ్లడానికి స్వరూపకు మొహం చెల్లలేదు. వజ్రమ్మ మాత్రం నోటితో వెళ్లమనకుండా, నన్ను కుట్టించి మంచం మీద పెట్టింది.

కెనడాలో నా వైభవం చెప్పాలంటే ఈ పేజీలు చాలవు. నాతోపాటు వచ్చిన కోట్లన్నీ సన్నగా, మెత్తగా, పెద్ద పెద్ద దుకాణాల పేర్లు మెడ మీద వేసుకుని ఉన్నాయి. చలి గాలికి వాటి యజమానురాళ్ల పళ్లు టకటక కొట్టుకుంటుంటే మా స్వరూప వెచ్చగా తిరిగింది. కెన్యా నుంచి వచ్చిన ఒకమ్మాయి నా భుజం తడిమి, ఏ కంపెనీ అని అడిగింది. "యాకూబ్" అని చెప్పింది స్వరూప. ఆ అమ్మాయి శ్రద్ధగా పేరు గుర్తుపెట్టుకుంది. పాపం, ఇంకా వెతుకుతూనే ఉండి ఉంటుంది.

స్వరూపకు పని నేర్పడానికి ఒప్పుకున్నది మార్గో అనే నెరిసిన జుట్టు ఇంజనీరమ్మ. మేము దిగిన నగరంలో బస్సులు ఎప్పుడు ఎక్కడ ఉండాలో చూసే గదికి ఆవిడే పెద్ద. మిస్డ్ కాల్ సంగతి విని ఆవిడకు చాలాసేపు నవ్వు ఆగలేదు. అవతలివాళ్లు ఎత్తకూడదని ఫోన్ చేయడం ఏమిటని మళ్లీ మళ్లీ అడిగింది. కార్యక్రమానికి వచ్చిన మిగతావాళ్లందరూ బొమ్మలతో, రంగులతో, తెర మీద కదిలే బస్సులతో అందమైన యాప్ చెయ్యమని సలహా ఇచ్చారు. స్వరూప తలూపింది కానీ ఆమె మనసు అక్కడ లేదు. చేతులు రెండూ నా జేబుల్లో పెట్టుకుని నడిచేది. ఆ చిల్లర జేబులో ఆమె పిడికిలి బిగుసుకుని ఉండటం నాకు మాత్రమే తెలుసు.

మూడో వారంలో ఒక ఉదయం మంచు కుండపోతగా పడింది. అంత మంచు నేను చూడటం అదే మొదటిసారి. స్వరూప, మార్గో బస్సు కోసం స్టాపులో నిలబడ్డారు. అక్కడి స్తంభానికి బస్సు వేళల పలక ఒకటి ఉంటుంది. దాని కింద ఇంకో పలక ఉందని స్వరూప ఆ రోజే గమనించింది. మంచు పడే రోజుల వేళలు అందులో వేరుగా ఉన్నాయి. మంచు పడిన రోజును మామూలు రోజు ఆలస్యంగా నడిచినట్టు చూడకూడదని, అది పూర్తిగా వేరే రోజని, దాని లెక్కే వేరని మార్గో మామూలుగా చెప్పుకుపోతోంది.

స్వరూప పిడికిలి నా జేబులో ఒక్కసారిగా విడింది.

"మాకు మంచు పడదు. మాకు సంత ఉంటది" అని తెలుగులోనే అనేసింది. మార్గో అర్థంకాక చూస్తే, అప్పుడు ఇంగ్లీషులో కోళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. అమ్మ గొంతు సంగతి చెప్పేటప్పుడు ఏడ్చేసింది కూడా. మంచులో కన్నీళ్లు కారితే బుగ్గలు మంటపెడతాయని నాకు అప్పుడే తెలిసింది. మార్గో అంతా విని, "అయితే మీ సంత పలక ఏది?" అని అడిగింది.

ఆ తర్వాత స్వరూప ఆ గదిలో నుంచి కదిలితే ఒట్టు. మంచు రోజును లెక్కలో ఎలా విడదీస్తారో, ఒక్కొక్క స్టాపులో ఎక్కడానికి పట్టే సమయాన్ని ఎలా కొలుస్తారో, తెలియని రోజు వస్తే యంత్రం ఏం చెప్పాలో, అన్నీ మార్గో పక్కన కూర్చుని నేర్చుకుంది. సంత రోజు వేరు. పత్తి ఏరే రోజులు వేరు. మిరపకాయ కోతలకు కూలీలు గుంపులుగా కదిలే రోజులు వేరు. జాతర రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. చివర్లో అందరూ తమ తమ పని చూపించారు. స్వరూపకు మొదటి బహుమతి రాలేదు, రెండోదీ రాలేదు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఇంటికి వెళ్లే తొందరలో చప్పట్లు కూడా సరిగ్గా కొట్టలేదు.

తిరిగి వచ్చాక స్వరూప ఒక్క సంత రోజు కూడా వదలకుండా అమ్మ బస్సులోనే తిరిగింది. గంపల మధ్య, కోళ్ల మధ్య, ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని. తల్లి టికెట్ ఇచ్చేది, కూతురు తీసుకునేది. మాటలు అంతే. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం స్వరూప తల్లి ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఇంకొక్కసారి నీ గొంతు కావాలె."

 వజ్రమ్మ ఒక్కటే అడిగింది. "బస్సు ఎప్పుడొస్తదో తెల్వని రోజు, తెల్వదని చెప్తదా నీ మిషన్?"

"చెప్తది. ఆసుపత్రికి పోవాలంటే ఆటో చూసుకోమని కూడా చెప్తది."

"అయితే పట్టు, చెప్త."

వీధిలో కుక్కలు, పైన ఫ్యాను, పక్కింట్లో టీవీ. గొంతు శుభ్రంగా పట్టాలంటే స్టూడియో కావాలి. స్వరూప ఇల్లంతా చూసి, బీరువాలో కలరా ఉండల మధ్య ఊపిరాడక పడి ఉన్న నన్ను బయటికి లాగింది. తల్లి తల మీద, మైకు మీద కలిపి నన్ను కప్పేసింది. యాకూబ్ భాయ్ కూరిన దూదిని దాటి ఒక్క చప్పుడు లోపలికి వస్తే చూడండి! మే నెల ఎండలో, బొంత కోటు కింద, చెమటలు కారుస్తూ వజ్రమ్మ ఒక్కొక్క ఊరి పేరూ పలికింది. "ఇయ్యాల సంత. బస్సు కొమరారం దాటలే. ఎప్పుడొస్తదో చెప్పలేను. నీడకు కూసోండి." ఆ గొంతుకు స్టూడియో నేనే. చలి ఆపడానికి పుట్టినదాన్ని, చప్పుడు కూడా ఆపాను. ఈ మాట నేను ఎంతమందికైనా చెబుతాను.

మళ్లీ సంత రోజు వచ్చింది. సాయంత్రం వజ్రమ్మ ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే, కూతుర్ని పిలిచింది.

"నరసమ్మ ఎక్కిందే బస్సు. ఇయ్యాల నిజం చెప్పినవ్ అక్కా అన్నది."

అని కూర్చుని ఏడ్చింది. స్వరూప పక్కన కూర్చుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో కంచాల చప్పుడుకంటే మాటల చప్పుడే ఎక్కువ వినిపించింది.

తర్వాతి కథ మీలో చాలామందికి తెలియకపోయినా, ఆ దారుల్లో బస్సు ఎక్కేవాళ్లకు తెలుసు. స్వరూప పెట్టె ఆ ఒక్క బస్సు నుంచి జిల్లా అంతా పాకింది, పక్క జిల్లాలకూ వెళ్లింది. స్వరూప సొంతంగా కంపెనీ పెట్టింది. అందులో లెక్కలు కట్టేవాళ్లలో సగానికి పైగా ఆడపిల్లలే, అదీ చిన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లను తీసుకునేటప్పుడు స్వరూప అడిగే మొదటి ప్రశ్న, "మీ ఊళ్లో సంత ఏ రోజు?"

నాకూ పని పెరిగింది. కెనడా పిలుపు అందుకున్న వాళ్లందరూ నాకోసం రావడం మొదలుపెట్టారు. ఖమ్మం నుంచి షాహినా వచ్చి తీసుకెళ్లింది. పుట్టిన పసికందుకు చెవులు వినిపిస్తున్నాయో లేదో ఊరి ఆసుపత్రిలోనే తేల్చే చిన్న పరికరం చేసింది, ఇప్పుడు దాన్ని తయారుచేసే ప్రయోగశాలకు ఆమే అధిపతి. నన్ను వేసుకుని మొదటిసారి మంచులో జారిపడినప్పుడు వెన్ను విరగకుండా కాపాడింది కూడా నా దూదే. గుండాల వైపు నుంచి ఇర్పా సుభద్ర వచ్చింది. కోయ భాషలో పిల్లలకు పాఠాలు చెప్పే సాఫ్ట్‌వేర్ ఆమెది. వాళ్ల బడుల్లో పిల్లలు మొదటి పాఠం సొంత భాషలో వింటున్నారు. ఎవరు తీసుకెళ్లినా వజ్రమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "ఉతికి ఇయ్యాలె." అందరూ ఉతికే ఇచ్చారు, కానీ జేబులు వెతకడం ఒక్కరికీ రాదు. నా చిల్లర జేబులో ఇప్పటికీ నాలుగు దేశాల చాక్లెట్ కాగితాలున్నాయి. ఇంత పెద్ద పెద్ద యంత్రాలు చేసేవాళ్లు ఒక కాగితం ముక్క పారెయ్యలేరు.

మొన్న చలికాలంలో మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి స్వరూపను నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి పిలిచారు. మార్గో పదవీ విరమణ చేస్తూ, తన కుర్చీలో కూర్చుని కొత్తవాళ్లకు చెప్పాల్సింది స్వరూపే అని పట్టుబట్టిందట. అప్పటికి వజ్రమ్మ కూడా ఉద్యోగం నుంచి దిగి కొన్ని నెలలైంది. గొంతు మాత్రం దిగలేదు, ఆ దారిలో ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది. స్వరూప తల్లిని వెంట తీసుకెళ్లింది. తనకు కొత్త కోటు కొనుక్కుంది. నన్ను అమ్మకు తొడిగింది.

ఇన్నాళ్లూ నన్ను ఎందరో తొడుక్కున్నారు. అందరికీ నేను కాస్త వదులు, కాస్త బరువు. వజ్రమ్మకు అతికినట్టు సరిపోయాను. ఆమె కుడి చెయ్యి వెతుక్కోకుండా చిల్లర జేబులోకి దిగింది. ఎడమ చెయ్యి రొమ్ము మీది చిన్న జేబును తడిమింది. కొత్తగూడెంలో బయల్దేరే ముందే అందులో తన విజిలు వేసుకుందని కూతురికి తెలియదు.

ఇద్దరూ మంచులో బస్సెక్కారు. బస్సులో తియ్యటి ఆడగొంతు స్టాపుల పేర్లు చదువుతోంది. వజ్రమ్మ కాసేపు విని పెదవి విరిచింది. "ఎవ్వర్నీ ఎరగనట్టు చెప్తదేందే ఈమె?" తలుపు మూసుకోబోతోంది. వెనక మంచులో చేతికర్రతో ఒక ముసలావిడ వస్తోంది. డ్రైవరు ఆమెను చూడలేదు. వజ్రమ్మ చూసింది. విజిలు బయటికి వచ్చింది. బస్సంతా అదిరిపడింది.

"హోల్డాన్!"

డ్రైవరు బ్రేకు తొక్కాడు. అద్దంలో వెనక్కి చూశాడు. ఖాకీ కోటు చూసి ఎవరో తమ వాళ్లే అనుకున్నట్టున్నాడు, తలుపు తెరిచి పట్టాడు. స్వరూప సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకుని, వేళ్ల సందుల్లోంచి నవ్వుతోంది. వజ్రమ్మ ముసలావిడ రెక్క పట్టుకుని పైకి లాగి, కూర్చోబెట్టి, కర్రను పక్కన ఆనించింది. అంతా సర్దుకున్నారో లేదో ఒకసారి వెనక దాకా చూసుకుంది. తర్వాత బస్సు గోడను అరచేత్తో రెండుసార్లు కొట్టింది.

"రైట్... రైట్."

బస్సు కదిలింది.