ఉతకని ఏడో నంబర్

బాన్సువాడలోని ఆ కాలేజీకి ఒక రివాజు ఉంది. గొప్ప ఆటగాడి ఆఖరి జెర్సీని ఉతక్కుండా గోడకు కడతారు. ఆ నంబర్ ఇక ఎవరికీ ఇవ్వరు. బిచ్కుందలో మ్యాచ్ తర్వాత జరిగిన కొట్లాటలో ప్రేమల టీచర్ తమ్ముడు మధు కత్తిపోటుకు పోయాడు. అతని ఏడో నంబర్ బాస్కెట్‌బాల్ జెర్సీని ఆమె నెత్తురు మరకతోనే దాచింది. ఏడో నంబర్ ఎవరి పేరున గోడకెక్కాలో తేల్చడానికి ఇవాళ కాలేజీలో అందరూ కలిశారు; ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని పాత ఆటగాళ్ల మధ్య కూర్చుంది.

మధు కంటే ముందు ఏడో నంబర్ వేసుకున్న రాజేశ్వర్ లేచాడు.

"సచ్చిపోతే గోడకెక్కిస్తరా? జిల్లా కప్పు తెచ్చింది నేను."

"నువ్వైతే కత్తి చూసి నిజాంసాగర్ దాకా ఉరుకుతుంటివే అన్నా," అన్నాడు మధు జోడీ ఆటగాడు ప్రవీణ్‌కుమార్.

రాజేశ్వర్ అతని మూతి పగలగొట్టాడు. ప్రవీణ్ ఇనుప కుర్చీ ఎత్తి రాజేశ్వర్ నెత్తిన వేశాడు. రాజేశ్వర్ కుప్పకూలాడు. నెత్తురు కళ్లలోకి కారింది. ఎవరూ కదల్లేదు. ప్రేమల జెర్సీని మడిచి అతని తలకు గట్టిగా అదిమింది.

"అక్కా, అది మధుది!" అని అరిచాడు ప్రవీణ్.

"తెలుసు. ఆటో పిలువు, దవాఖానకు పోవాలె."

రాజేశ్వర్ తలకు వేరే గుడ్డ చుట్టి ఇద్దరు ఆటోలో తీసుకెళ్లాక, ఆమె జెర్సీ పట్టుకుని మిగిలినవాళ్ల వైపు తిరిగింది.

"గోడకు రాజేశ్వర్ జెర్సీనే కట్టుండ్రి. ఇది నేను ఇంటికి తీస్కపోత."

నల్లా కింద జెర్సీ ఉతికింది. కొత్త నెత్తురు వదిలింది. పాత మరక వదల్లేదు.