మంచి పళ్లెం

ఆ ప్రయోగశాలలో గాజు పళ్లాలు రెండు రకాలు: జబ్బు పళ్లెం, మంచి పళ్లెం. ఆ పేర్లు పెట్టింది అక్కడ ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్. అందరికీ ఆయన బాబాయ్. రోగుల రక్తకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి పెంచిన గుండె కణాలు జబ్బు పళ్లెంలో కొట్టుకుంటూ ఉంటాయి. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. బయటివాళ్లను బతిమాలే ఓపిక లేక అక్కడివాళ్లే వంతులవారీగా చెయ్యి చాపుతారు. ఆ రక్తం మంచిదని ఎవరూ పరీక్షించి తేల్చలేదు. తెల్లకోటు వేసుకుని టీ తాగుతూ తిరుగుతున్నారు కాబట్టి మంచిదే, అంతే.

ఆ మధ్యాహ్నం పరిశోధకురాలు హడావిడిగా ఉంది. నాలుగింటికి కూతురి ఈత పోటీ. పదకొండేళ్ల ఆ పిల్లను ఇంట్లో చేపపిల్ల అంటారు. "ఈసారీ రాకపోయావో, నీతో మాట్లాడను" అని పొద్దున్నే వేలు చూపించి మరీ వెళ్లింది.

ఆమె మంచి పళ్లాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. కాల్షియం తగిలితే పచ్చగా వెలిగే రంగు అందులో కలిపి ఉంది. గుండె కణం కొట్టుకునే ప్రతిసారీ బయటి నుంచి చిటికెడు కాల్షియం లోపలికి వస్తుంది. అది రాగానే కణంలోని గోదాము తలుపు తెరుచుకుని బోలెడంత బయటికి వదులుతుంది. కణం బిగుసుకుంటుంది. ఆ వెంటనే పంపులు దాన్ని తోడి మళ్లీ గోదాములో పోస్తాయి, కణం వదులవుతుంది. మధ్యలో తలుపు గట్టిగా మూసుకుని ఉండాలి. ఆమె వెతుకుతున్న జబ్బులో అదే మూసుకోదు. పరుగెత్తినా, కోపం వచ్చినా, భయపడినా ఒంట్లో ఊరే ఆడ్రినలిన్ తగిలిందంటే కాల్షియం కారిపోయి కణం వేళకాని వేళ ఎగిరిపడుతుంది; గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి కూలిపోవచ్చు.

ఆమె ఆడ్రినలిన్ ఒక్క చుక్క వేసింది. మంచి పళ్లెంలో, కొట్టుకోవలసిన సమయం కానప్పుడు, పచ్చటి మెరుపులు లేచాయి.

"బాబాయ్!" ఇంతెత్తున లేచింది. "పళ్లాలు మార్చేశారు! ఆరు నెలల పని గంగలో కలిపారు కదా!"

"నేనా?" ఆయన నొచ్చుకున్నాడు. "కళ్లజోడు మారుస్తానేమో గానీ పళ్లాలు మార్చనమ్మా. ఇంకోటి తీస్తాను, నువ్వే చూసుకో."

ఇంకోటి తీశారు. అవే మెరుపులు. మూడోది తీశారు. అందులోనూ అంతే.

"అసలీ రక్తం ఎవరిది?"

పళ్లాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. పేర్ల పుస్తకం బాబాయ్ బీరువాలో ఉంటుంది. ఆయన తీసి చూశాడు. ఆమె వంక చూశాడు. పుస్తకం మూసేశాడు.

"మాట్లాడరేం?"

"నీదేనమ్మా. రెండేళ్ల కిందట ఇచ్చావు."

ఆమెకు పదిహేనేళ్లకే పోయిన అన్నయ్య గుర్తొచ్చాడు. బడి పరుగు పందెంలో గీత దాటకుండానే కూలిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, ఇదే పనిగా బతుకుతున్న తనకూ తట్టలేదు. పోయిన నెల చేపపిల్ల ఈత సాధన మధ్యలో ఒక్క క్షణం వాలిపోయి తేలింది. నీళ్లు మింగానని నవ్వేస్తే తనూ నవ్వింది. తల్లికుంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

గడియారం మూడూ యాభై చూపిస్తోంది. కోచ్‌కు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఈత కొలను రెండు వీధుల అవతలే. ఆమె తలుపు వైపు దూకింది.

"పరిగెత్తకు!" బాబాయ్ అడ్డం వచ్చి అరిచాడు. ఆయన ఆమె మీద అరవడం అదే మొదటిసారి. "నీకేమన్నా అయితే? పాపను ఆపడానికి నేను పోతాను. నువ్వు నడిచి రా!"

మోకాళ్ల నొప్పుల మనిషి చెప్పులు టపటపలాడించుకుంటూ వీధిలోకి పరుగు తీశాడు. ఆమె వెనకాల నడిచింది. బిడ్డ నీళ్లలో దూకబోతుంటే తల్లి షికారుకెళ్లినట్టు నడవాలి! ఆమెకు తన ఒంటి మీద తనకే అసహ్యం వేసింది. భయపడితే చాలు, కణంలో గోదాము తలుపు తెరుచుకుంటుందని తనే కాగితాల మీద రాసింది. భయపడకు, భయపడకు అనుకుంటూ ఇంకా భయపడింది.

రెండో వీధి మలుపులో ఉండగా ఈల వినిపించింది. వెంటనే పిల్లలు నీళ్లలో దూకిన చప్పుడు. గోడ పట్టుకుని నడిచింది.

కొలనులో ఆరు వరసలకు ఐదుగురే ఈదుతున్నారు. గట్టు మీద బల్లపై చేపపిల్ల తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. పక్కన బాబాయ్ రొప్పుతూ దాని చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. పోటీకి నిలబడ్డ పిల్లను ఈయన లాగేశాడేమిటని కోచ్ బిత్తరపోయి చూస్తున్నాడు.

తల్లిని చూడగానే పిల్ల చెయ్యి విదిలించుకుని లేచింది. మొహం కందగడ్డలా ఉంది. "నువ్వే ఆపించావు కదూ! అందరి ముందూ! రానేరావు, వస్తే ఇలా వస్తావా! నిన్ను..."

ఆ గొంతు పెరిగేకొద్దీ తల్లి కళ్ల ముందు పచ్చటి మెరుపులు. పిల్లను పట్టి కూర్చోబెట్టింది.

"తిట్టమ్మా. ఎంతైనా తిట్టు, పడతాను. కూర్చుని, మెల్లగా తిట్టు."

తల్లి మొహం అలా ఉండగా ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. హడలిపోయి, గొంతు తగ్గించి, మొదటి నుంచీ మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.