వేళ్ళు అయిపోయిన చోట

నేల మీద చతికిలబడి పియానో కింది పలక ఊడదీసింది ఝాన్సీ. లోపల చిన్న బల్బు వెలుగుతూనే ఉంది. అమ్మయ్య అనుకుంది. వానాకాలం వచ్చిందంటే అమలాపురంలో గోడలతోపాటు చెక్కకీ చెమట పడుతుంది. మెట్ల కింది గుడ్డ ఉబ్బిపోయి, నొక్కిన మెట్టు నొక్కినట్టే ఉండిపోతుంది. ఆ బల్బు వేడి మీదే ఈ పియానో ఇన్నాళ్ళూ బతుకుతోంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే, చెవి చెక్కకి ఆనించి ఒక్కో మెట్టూ నొక్కుతూ పోయింది. మధ్యలో ఒకటి జలుబు చేసినట్టు మోగింది.

"నీకేం వచ్చిందే?" అని దాన్నే అడిగింది.

అడగడం ఆమెకి చిన్నప్పటి జబ్బు. రాజోలు దగ్గర మిషన్ ఆసుపత్రిలో వాళ్ళ నాన్న కాంపౌండరు. ప్రార్థన గదిలో హార్మోనియం ఉండేది. దాని గొంతు ఎక్కడుంటుందో చూద్దామని ఝాన్సీ ఓ మధ్యాహ్నం మరలన్నీ విప్పేసింది. నాన్న బెత్తం తీశాడు. ముసలి నర్సమ్మ మాత్రం ఆ పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, తన గదిలో పియానో ముందు కూర్చోబెట్టి, "ఇది మాత్రం విప్పకు, వాయించు" అంది.

అలా మొదలైన చెయ్యి మద్రాసు వెళ్ళింది, పరీక్షలు నెగ్గింది, బెంగుళూరులో, కొలంబోలో కచేరీలు చేసింది. గోదావరి దాటించే పంటు మోతనీ, కొబ్బరి దింపేవాళ్ళ కేకల్నీ మనసులో పెట్టుకుని ఆమె కట్టిన చిన్న చిన్న స్వరరచనలు రేడియోలో కూడా వచ్చాయి. ఆ తరవాత కలకత్తాలో ఓ సాయంత్రం, చిన్నతనం నుంచీ వాయిస్తున్న రచనలోనే, ఒకచోట చేతులు ఆగిపోయాయి. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగాయి. లేచి, సభకి తలవంచి నమస్కారం పెట్టి, వెళ్ళిపోయింది. మళ్ళీ వేదిక ఎక్కలేదు. కొత్తగా ఏదీ కట్టలేదు కూడా.

ఏడ్చిందా అంటే ఏడవలేదు. 'అక్కడే ఎందుకు?' అన్న ప్రశ్న మాత్రం ఆమెతోపాటు అమలాపురం వచ్చి, స్కూల్లో సంగీతం టీచరుగా పనిచేసి, ఆమెతోపాటే రిటైరైంది. ఇప్పుడు ఇంటికొచ్చే పిల్లలు చర్చి పాటల కోసం వస్తారు, టీవీ పోటీల కోసం వస్తారు. ఇంటర్ రాగానే మానేస్తారు.

గేటు దగ్గర ఆటో ఆగింది. నలభై దాటిన ఒకామె వానలో గొడుగు వేసుకుని దిగి, వరండాలోకొచ్చి, గొడుగు మూలన తెరిచిపెట్టి, చెప్పులు ఓ వారకి విడిచి నిలబడింది. మణికట్లు మోటుగా ఉన్నాయి. వేలికొసల తోలు ఊడి తెల్లబడి ఉంది.

"ఇక్కడ పియానో నేర్పుతారంటండి?"

"ఎవరికమ్మా? పిల్లలకా?"

"నాకేనండి. నా పేరు వీరవేణండి. ముమ్మిడివరం అవతల మాది."

"ఎన్నాళ్ళు రాగలవు?"

"ఇయ్యాళొక్కరోజేనండి. సాయంత్రం బస్సుకి హైదరాబాదు ఎల్లిపోతానండి. రేపు కువైట్ ఇమానం."

ఝాన్సీ దగ్గర మొదటి నెలంతా కూర్చోవడం, అరచెయ్యి గుండ్రంగా పెట్టడమే పాఠం. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఒక్కరోజులో ఈ మనిషికి ఏం కావాలో తెలుసుకోవాలనిపించింది.

"లోపలికి రా" అంది.

పియానో చూడగానే వీరవేణి కొంగు తీసి దాని మూత తుడవబోయి, నాలిక్కరుచుకుంది.

"అలవాటైపోయిందండి. అక్కడ మా మేడమ్ ఇంట్లో తెల్లది ఉందండి. దాన్ని రోజూ తుడిచేది నేనే. మోగకుండా తుడవాలండి."

ఆ ఇంటి పిల్ల పేరు నూరా. పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచి వీరవేణి ఎత్తుకు పెంచింది. పిల్లకి కాస్త ఊహ వచ్చాక మాస్టారిని పెట్టారు. రోజూ మధ్యాహ్నం ఒకే పాట ఎత్తుకుని, ఒకేచోట ఆగిపోయేది. మాస్టారు కసిరాడు, తల్లి కసిరింది. ఓ రోజు పిల్ల ఏడుస్తూ మూత దభీమని వేసేసింది. మళ్ళీ తియ్యలేదు.

"అటు పక్కకి కూడా రాదండి ఆ పిల్ల. ఆ పాట మిగతాది ఏంటో తెలిస్తే, ఎల్లి సెబుదామనండి."

"ఏదీ, పాడు."

వీరవేణి కళ్ళు మూసుకుని కూనిరాగం తీసింది. మెల్లగా పైకెక్కి, తటాలున ఆగింది. ఝాన్సీ వాయించి చూసింది. తెలిసినవన్నీ తలుచుకుంది. ఒకటి వాయిస్తే వీరవేణి తల అడ్డంగా ఊపింది. ఇంకోటీ కాదంది.

"ఇది నాకు తెలీదమ్మా" అంది ఝాన్సీ చివరికి. "నువ్వు వాయించు, చూద్దాం."

"నేనాండి?"

"ఇంకెవరు? నీకోసమే కదా వచ్చావు."

వీరవేణి బొటనవేలు ఆనించింది. స్వరం మోగగానే కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి లాగేసుకుంది. తరవాత నవ్వింది. మళ్ళీ నొక్కింది. తప్పుతూ, వెతుక్కుంటూ, వేలు తరవాత వేలు పైకెక్కింది. చిటికెన వేలి దాకా వచ్చి ఆగిపోయింది. సరిగ్గా ఆ చోటే.

"ఆగావేం?"

"ఏళ్ళు అయిపోయేయండి!" అంది వీరవేణి, చాచిన అయిదు వేళ్ళూ చూపిస్తూ.

ఝాన్సీ ఆమె చేతికేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. తరవాత పెద్దగా నవ్వేసింది.

"ఆ పిల్ల పాట మర్చిపోలేదు వీరవేణీ. పాపం, చెయ్యి అక్కడితో అయిపోయింది. ఆ పైన ఎలా వెళ్ళాలో మాస్టారు చూపించలేదు, లేదా చూపించింది పిల్లకి అందలేదు."

నవ్వుతుండగానే కలకత్తా హాలు కళ్ళముందు కదిలింది. నరాల బలహీనత అన్నారు, దిష్టి అన్నారు. నీ చెయ్యి ఎక్కడ అయిపోయిందో చూపించు అని ఎవరూ అడగలేదు. తనూ ఎవరి ముందూ చెయ్యి పెట్టలేదు.

ఝాన్సీ ఆమె బొటనవేలు పట్టుకుని మిగిలిన వేళ్ళ కిందనుంచి అవతలికి దాటించింది. "కాలవ వంతెన కిందనుంచి పడవ పోయినట్టు. చెయ్యి ఎత్తకు. ఆఁ, అంతే."

"ఆయ్" అంటూ దాటించింది వీరవేణి. దాటించి, "ఇప్పుడెటండి?" అంది.

ఎటు? ఝాన్సీ పక్కన కూర్చుంది. కిందికి దింపి చూసింది. "అలా ఎల్దనుకుంటానండి" అంది వీరవేణి మొహమాటంగా. నిజమే, వెళ్ళదు. ఇంకో దారి పట్టింది. ఆగింది, వెనక్కొచ్చింది, ఒక స్వరం మార్చింది. ఎన్నో ఏళ్ళుగా చెయ్యని పని చేస్తున్నానని ఆమెకి సగంలో తెలిసింది. చెయ్యి మాత్రం ఆపలేదు. పాట ఇంకాస్త ఎక్కి, అక్కడ కాసేపు ఊగి, ఇంటికొచ్చిన మనిషిలా మొదటి స్వరం మీద కూర్చుంది.

వీరవేణి కళ్ళు తుడుచుకుంది.

"ఇది ఆ పాట మిగతాది కాదు, నేను కట్టింది" అంది ఝాన్సీ. "ఆ పిల్లకి అబద్ధం చెప్పకు."

"సెప్పనండి. అమలాపురంలో మేడమ్ గారు కట్టేరనే సెబుతానండి."

ఇద్దరూ వంటింట్లో చారన్నం తిని మళ్ళీ కూర్చున్నారు. సాయంత్రం అవుతుండగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వీరవేణి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వాయించింది.

"ముట్టుకోనిస్తారా వాళ్ళు?"

"తుడిచేటప్పుడు ముట్టుకుంటాను కదండీ" అంది వీరవేణి. "ఈసారి మోగుతుంది, అంతే."

గేటు బయట ఆటో హారన్ కొట్టింది. "అక్కా, బస్సెల్లిపోద్దే!" అని తమ్ముడు గంగబాబు అరిచాడు. వీరవేణి గభాలున వంగి ఝాన్సీ పాదాలు ముట్టుకుని, ఎర్రమట్టి నీళ్ళలో చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తింది. ఆటో మలుపు తిరిగింది. వాన వెలిసింది.

తలుపు వేద్దామని వరండాలోకి వచ్చి ఆగింది ఝాన్సీ. వీరవేణి ఆరడానికి తెరిచి పెట్టిన గొడుగు మూలన అలాగే ఉంది. నీలంపూల గొడుగు, ఒక ఊచ వంగి ఉంది. గాలికి మెల్లగా అటు తిరిగి, ఇటు తిరిగి, వరండాలోకి కొట్టిన జల్లు చివరి చుక్కలు నేల మీద రాలుస్తోంది.