సుబ్బరాజు గారి గంబో

పియారా వాటర్స్ అనే విదేశీ పేటలో సుబ్బరాజు గారి హోటల్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ముందు బిర్యానీ అడుగుతారు. ఆయన నవ్వి, గంబో గిన్నె తెచ్చి పెడతాడు. భీమవరం మనిషి. పద్దెనిమిదేళ్ళు ఓడల్లో వంట చేశాడు. లూసియానా రేవులో ఓడ మరమ్మతుకు ఆగిపోయిన మూడు నెలలూ అక్కడి ఒక ముసలావిడ వంటింట్లో నిలబడి నేర్చుకున్న పులుసు అది. బెండకాయ, చికెన్, సాసేజ్ వేసి చిక్కగా కాచి, అన్నం మీద పోసి పెడతారు.

నంద్యాల నుంచి చదువుకు వచ్చి ఇక్కడే స్థిరపడిన అమ్రీన్ శనివారాలు ఆయన దగ్గర పనిచేసేది. ఉల్లి, సెలరీ, క్యాప్సికం తరగడంలో చెయ్యి తిరిగింది గానీ, రెండేళ్ళలో ఒక్కసారీ గంబో నోట పెట్టలేదు. అందులో పడేది పంది మాంసం సాసేజ్. రొయ్యలు వేయించిన పెనంలో తెల్ల వైన్ పోసి, అడుగున అంటిన సారాన్ని కరిగించే పని కూడా ఆమె అడక్కముందే ఆయనే చేసుకునేవాడు.

ఒక శనివారం నలభై మందికి పుట్టినరోజు విందు ఆర్డర్ వచ్చింది. గంబోకు ప్రాణం ‘రూ’. మైదాపిండిని నూనెలో వేసి, సన్నసెగ మీద ఇటుక రంగు దాటి చాక్లెట్ రంగు వచ్చేదాకా, ముప్పావుగంట గరిటె ఆపకుండా తిప్పాలి. మధ్యలో విందువాళ్ళు ఫోన్ చేశారు. ఆయన రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి పిండి మాడి నల్లటి నలకలు తేలాయి.

కారం, మసాలా పడితే ఎవరికీ తెలియదంది అమ్రీన్.

“నాకు తెలుసు కదమ్మా,” అని ఆయన కుండెడూ పారబోశాడు. విందువాళ్ళకు తనే ఫోన్ చేసి, పొరపాటు తనదేనని, గంట ఆలస్యమవుతుందని చెప్పాడు. ఏ సాకూ చెప్పలేదు. అంతకుముందు రెండు కిచెన్లలో పనిచేసిన అమ్రీన్ అలాంటి మనిషిని చూడలేదు.

రెండోసారి మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు ఆయన భుజం పట్టేసింది. గరిటె ఆమె చేతిలో పెట్టాడు.

“నా చేత కాదేమో అంకుల్. మళ్ళా మాడితే?”

“ముక్కుతో చూడమ్మా. ముందు వేయించిన పల్లీల వాసనొస్తుంది. ఆ తర్వాత కాఫీ గింజల వాసన. అప్పుడు స్టవ్ ఆపెయ్.”

కాఫీ వాసన వచ్చాక ఆమె ఆపింది. ఒక్క నలకా లేదు. కూరగాయలు, బెండకాయలు పడ్డాయి. ఆయన ఫ్రిజ్‌లోంచి సాసేజ్ తీయగానే ఆమె అలవాటుగా పక్కకు జరిగింది. ఆయన ప్యాకెట్ ఆమె ముందు పెట్టాడు. చికెన్‌ది, హలాల్ షాపుది.

“విందువాళ్ళనడిగే మార్చాను. వండే మనిషి రుచి చూడకపోతే వంటెలా వస్తుంది? ఈ సంగతి నాకు రెండేళ్ళకి తట్టింది.”

అమ్రీన్ సాసేజ్ ముక్కలు కోసి కుండలో వేసింది. పులుసు మరిగాక చెంచాతో తీసి, ఊది నోట్లో పెట్టుకుంది. ముందు కమ్మటి వేపుడు వాసన, దాని వెనక బెండకాయ నునుపు, చివర్న మెల్లగా గొంతులో రాజుకునే కారం. ఇంత వంట తెలిసిన మనిషి పక్కన తాను రెండేళ్ళు ఉల్లిపాయలు తరిగిందన్నమాట.

“ఉప్పు చాల్లేదు అంకుల్,” అంది.

ఆయన తాను రుచి చూడకుండానే ఉప్పు వేసి కలిపాడు.

విందులో కుండ ఖాళీ అయింది. ఎవరు వండారని అడిగినవాళ్ళకు ఆయన అమ్రీన్‌ని చూపించాడు. శనివారాలు ఇప్పుడు రూ తిప్పేది ఆమె. సుబ్బరాజు గారు పక్కన కుర్చీ వేసుకుని బెండకాయలు తరుగుతుంటాడు.