అభ్యంతరం లేదండి

పేటలోని డయాలసిస్ కేంద్రాన్ని ఎత్తేసి, మూడు గంటల ప్రయాణదూరంలో ఉన్న పెద్దాసుపత్రిలో కలపాలని ప్రభుత్వం అనుకుంటోంది. దానికి ముందు జనం ఏమంటారో వింటామని సభ పెట్టింది. వారానికి మూడుసార్లు ఆ కేంద్రంలో మిషను పక్కన పడుకునేది దర్జీ వాళ్లక్క. అంత దూరం వెళ్లిరావడం ఆమె వల్ల కాదు. ఆ మాట చెప్పడానికే దర్జీ దుకాణం కట్టేసి బయల్దేరాడు.

పొద్దున అక్క నవ్వింది. "నోట్లో గుండుసూదులు తీసేసి వెళ్లరా. వాటి వంకనే ఇన్నేళ్లూ మాట్లాడకుండా నెట్టుకొచ్చావు." ఆ నవ్వు చివరి ఆయాసం అతని చెవిలోనే ఉండిపోయింది.

హాలు గుమ్మం దగ్గర గుమాస్తా రిజిస్టరులో పేరు రాసుకుని, వెనక వరస కుర్చీ చూపిస్తూ, "అభ్యంతరమా?" అన్నాడు.

"అబ్బే, నాకేం అభ్యంతరం లేదండి."

చొక్కా రేపటికే కావాలన్నా, కుట్టాక కాలరు మార్చమన్నా దర్జీ అనే మాట అదే.

కూర్చుని చెప్పాల్సింది లోలోపల కత్తిరించుకుంటున్నాడు. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. తన తర్వాత వచ్చిన పాలాయన కూడా మాట్లాడేసి వెళ్లిపోయాడు. చివరికి అధికారిణి కాగితం చూసి చదివింది: అభ్యంతరం ఉన్నవారు ఆరుగురు, లేనివారు పద్నాలుగు మంది.

గుమ్మం దగ్గర తానన్న మాటే అలా రాసుకున్నారని, ఆ పద్నాలుగులో తానూ ఒకడినని అతనికి అప్పుడు తెలిసింది. మిగతా పదముగ్గురూ కుర్చీ గురించే చెప్పారేమో?

ఎప్పుడు లేచాడో, తనది మార్చమని ఎప్పుడు అడిగాడో అతనికే తెలియదు. ఒకసారి రాసింది మార్చడం కుదరదని గుమాస్తా గొణిగాడు.

"కుర్చీకి లేదన్నానండి," దర్జీ గొంతు పీలగా వచ్చింది. "కేంద్రం ఎత్తేస్తే మా అక్కకి ఉంది."

"ఆవిడ రాలేదా?" అంది అధికారిణి.

"ఇవాళ మిషను మీద ఉందండి."

ఎవరో నవ్వబోయి ఆగారు. అధికారిణి గుమాస్తా వైపు చూసింది. అతను కలం మూత తీశాడు. కొట్టేస్తున్నాడో, ఊరికే పట్టుకున్నాడో దర్జీకి కనిపించలేదు.

"మూడు నిమిషాలు," అందామె.

దర్జీ పెదాలు తడుముకున్నాడు. సూదులు లేవు. మొదటి మాట ఎక్కడ గుచ్చి పెట్టుకున్నాడో మాత్రం అంతుపట్టలేదు. గోడ గడియారం నడుస్తోంది. వెనక ఇంకో కుర్చీ కిర్రుమంది.

"మంగళవారం, గురువారం, శనివారం..." అని మొదలుపెట్టాడు.