ఈక గాలం

నావ అడుగున ఊరిన నీళ్ళను రాయమల్లు రేకు డబ్బాతో తోడి గంగలో పోస్తున్నాడు. చేతులు ఆ పని మీదున్నాయే గాని మనసు అక్కడ లేదు. ఒడ్డు మీది తుమ్మచెట్ల అవతల కొత్తగా తవ్విన బొగ్గుబాయి వైపు చెవులు రిక్కించి ఉన్నాడు. ఆ పొద్దున మొదటి షిఫ్టు సైరన్ కూయకముందే కొడుకు పోశం, కంపెనీ ఇచ్చిన బూట్లు చంకన పెట్టుకుని ఇల్లు దాటాడు. వాడు బాయిలోకి దిగడం అదే మొదలు.

"తొడుక్కోని పోరాదురా" అంది తల్లి కిష్టవ్వ.

"బాయి కాడ తొడుక్కుంటనే అవ్వా. ఈడ బురదైతయ్."

రాయమల్లు గుమ్మంలోనే ఉన్నాడు. పోవద్దని అనాలనుకున్నాడు. పక్కకు జరిగి దారిచ్చాడు.

అతనికి యాభై దాటాయి. సన్నటి పొడుగు మనిషి. నావను తోసే గెడ వేసి వేసి కుడి భుజం కాస్త దిగిపోయింది. ఎప్పుడూ నీళ్ళలో నానే కాళ్ళు, పగుళ్ళు తేలి తెల్లగా ఉంటాయి. ఊళ్ళో అతనికి 'పరేషాన్ రాయమల్లు' అని పేరు. మబ్బు పట్టినా, కుక్క ఏడ్చినా, సంతకు పోయిన మనిషి పొద్దుగూకే వేళకు రాకున్నా అతనికి కాలు నిలవదు. రజాకార్ల కాలంలో జనాన్ని మంచిర్యాల ఒడ్డుకు చేరవేసినవాడే. అప్పుడు కూడా పళ్ళు టకటకా కొట్టుకుంటుండగానే గెడ వేశాడని, వెనకాల కూర్చున్నవాళ్ళు ఈనాటికీ చెప్పి నవ్వుతారు. బస్సులు వచ్చాక అవతలి ఒడ్డుకు పోయే గిరాకీ తగ్గింది. చేపలతో ఇల్లు గడవడం కష్టమైంది. అందుకే పోశం బాయి దారి పట్టాడు.

జీపు వచ్చి ఆగింది. డిక్రూజ్ సాబు దిగాడు. బొగ్గుబాయిలో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, వెదురుబద్దలు అతికించి చేసిన గాలం కర్ర పట్టుకుని గంగకు వస్తాడు. ఆయన గాలానికి వానపాము ఉండదు, పిండి ముద్ద ఉండదు. కొక్కేనికి పుంజు మెడ ఈకలు, నెమలి ఈక పోగులు, ఎర్ర పట్టుదారం చుట్టి పురుగులా తయారుచేస్తాడు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు రాయమల్లు పకపకా నవ్వాడు. తర్వాత కిష్టవ్వ పెంచే పుంజుల ఈకలు ఏరి తనే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాడు.

నావ నడిగంగ రాళ్ళ వైపు సాగింది. కార్తీకం వెళ్ళిన రోజులు. నీళ్ళు తేటబడి అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి.

"సాబ్, మా పోరడు ఇయ్యాల బాయిల దిగిండు."

"అచ్ఛా? ఏం పని?"

"బొగ్గు నింపుడట."

"ఫికర్ మత్ కరో, రాయమల్లూ. పైకప్పుకు మంచి దుంగలు పెట్టినం."

సాబు ధైర్యం చెప్పాననే అనుకున్నాడు. రాయమల్లుకు మాత్రం ఆ దుంగలే కళ్ళముందు నిలిచాయి. దుంగల మీద నిలబడ్డ కప్పు. కప్పు మీద భూమి. భూమి మీద ఈ గంగ.

పడుచు వయసులో అతనూ బెల్లంపల్లి బాయిలోకి ఒకసారి దిగాడు. చీకట్లో ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఒక్క చుక్కకే గంగంతా నెత్తిన కూలుతున్నట్టు ఒళ్ళు చెమటలు పట్టింది. తట్ట అక్కడే పడేసి పైకొచ్చి, కూలి కూడా అడక్కుండా ఇంటిదారి పట్టాడు. ఆ సంగతి కొడుకుకు ఎన్నడూ చెప్పలేదు. నిన్న అన్నం తింటూ పోశం, "బాపూ, లోపట ఎట్లుంటదే?" అని అడిగితే కంచంలోకి చూస్తూ, "నాకేమెరుక బిడ్డా" అన్నాడు.

రాళ్ళ పక్కన నావ నిలిచింది. సాబు లేచి నిలబడి కర్రను వెనక్కీ ముందుకూ ఊపాడు. దారం గాలిలో పెద్ద సున్నలా తిరిగి, విప్పుకుంటూ పోయి, రెండు బండల మధ్య నురుగు పక్కన ఈకను మెల్లగా దించింది. ఈక ప్రవాహంలో కొంచెం దూరం కొట్టుకుపోయింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ వేశాడు. నావ కదలకుండా గెడను అడుక్కి ఒత్తిపట్టి రాయమల్లు ఎండ ఎంత ఎక్కిందో చూశాడు. షిఫ్టు దిగడానికి ఇంకా చాలా పొద్దుంది.

"పడ్డది!" అని సాబు అరిచాడు.

కర్ర విల్లులా వంగింది. నీళ్ళు పగిలి, అరచేతి వెడల్పు పొలుసులున్న చేప పసుప్పచ్చగా పైకెగిరి లోపలికి పోయింది. సాబు దాన్ని మహసీర్ అంటాడు. మూడు చలికాలాలుగా ఆయన ఎదురుచూస్తున్నది దాని కోసమే. కర్రకున్న దారం చక్రం గిర్రున తిరుగుతోంది.

అప్పుడు సైరన్ కూసింది.

షిఫ్టు కూత చిన్నగా కూసి ఆగుతుంది. ఇది ఆగలేదు. ఒడ్డు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

"సాబ్..." అన్నాడు రాయమల్లు. గెడ పైకి లాగాడు.

సాబు అతని మొహం చూశాడు. చేపను చూడలేదు. దారాన్ని చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజి తెంపేశాడు.

"చలో!"

ఎదురు నీటికి నావ నడవాలి. సాబు తెడ్డు అందుకున్నాడు. రాయమల్లు గెడను అడుగుదాకా గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి తోస్తున్నాడు. రొమ్ములో ఏదో పట్టేసింది. ఆ నొప్పి ఎడమ చేతిలోకి పాకింది. ఆగలేదు. కొండగట్టు అంజన్నకు మొక్కాడు. ఏం మొక్కుతున్నాడో తనకే తెలియలేదు. "వాడు... వాడు..." అన్నంత వరకే వచ్చింది.

ఒడ్డు తగలగానే సాబు జీపెక్కి, "రా, కూర్చో!" అన్నాడు.

రాయమల్లు నావ దిగలేదు.

"మీరు పోన్రి సాబ్. నావ కట్టేసి వస్త."

జీపు దుమ్ములో కలిసిపోయింది. అతను నావ కట్టలేదు. గెడను బురదలో దిగ్గొట్టి దానికి ఆనుకుని నావలోనే కూర్చున్నాడు. తుమ్మల అవతల ఆడవాళ్ళు బాయి వైపు ఉరుకుతున్నారు. వాళ్ళలో కిష్టవ్వ కూడా ఉండే ఉంటుంది. పోతే చూడాలి. చూడనంతసేపూ వాడు బతికే ఉంటాడు. అలా అనుకుని అక్కడే ఉండిపోయాడు.

ఎంతసేపటికో సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దం కూతకన్నా ఘోరంగా ఉంది.

"బాపూ!"

గట్టు మీంచి ఎవరో దిగి వస్తున్నారు. ఒళ్ళంతా నలుపు. కళ్ళు, పళ్ళు తప్ప ఏమీ ఆనలేదు. నడక చూసి రాయమల్లు కొడుకును పోల్చుకున్నాడు.

"ఏం గాలే బాపూ. తాడు తెగి బొగ్గుడబ్బాలు పట్టాలు దిగినయ్. అందరిని మీదికి తోలిన్రు. ఎవ్వలకు దెబ్బ తాకలే. నువ్వు ఈడున్నవని సాబు చెప్పిండు. అవ్వను ఇంటికి తోలిచ్చి వచ్చిన."

రాయమల్లు చెయ్యి చాచాడు. పోశం నీళ్ళలోకి దిగి నావ పక్కన నిలబడ్డాడు. తండ్రి వాడి భుజం తడిమి, మెడ తడిమి, చెవి పట్టుకుని కాస్త లాగాడు. చిన్నప్పుడు అలాగే లాగేవాడు. పోశం సిగ్గుపడి నవ్వాడు.

"ఇగో, అంగిజేబుల పడ్డది," అంటూ రేగుపండంత బొగ్గు పెల్ల తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

రాయమల్లు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన నావ చెక్కపలక మీద పెట్టాడు.

"మొకం కడుక్కో బిడ్డా," అన్నాడు.

పోశం వంగి దోసిళ్ళతో నీళ్ళు కొట్టుకున్నాడు. నల్లనీళ్ళు కళ్ళలోకి పోయి మండాయి. కళ్ళు మూసుకుని రుద్దుకుంటూనే మాట్లాడుతున్నాడు. "మా జట్టుల సిద్దిరాములని ఒకాయన ఉన్నడు బాపూ, మంచోడు. సైరన్ మోగంగనే నా చెయ్యి ఇడువలే. మీదికి వచ్చేదాంక పట్టుకునే ఉండె. నాక్కూడ జర భయమైంది, నీతోని ఎందుకు దాచాలె. రేపు పోవద్దంటె పోను. నువ్వే చెప్పు. ఏమంటవ్ బాపూ?"

గంగ పారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"బాపూ, ఏమంటవ్?"

మొహం మీది నీళ్ళు తుడుచుకుని పోశం అటు తిరిగాడు. రాయమల్లు గెడకు తల ఆనించి, గట్టు వైపే చూస్తూ కూర్చుని ఉన్నాడు. చూపు మాత్రం కదలడం లేదు.

పొద్దు వాలేలోగా నలుగురూ వచ్చి అతన్ని దుప్పట్లో ఎత్తుకుని గట్టెక్కించారు. పోశం తడి బట్టలతోనే ముందు నడిచాడు. నావను ఎవరూ పట్టించుకోలేదు. అలలకు అది ఊగినప్పుడల్లా పలక మీది బొగ్గు పెల్ల కొంచెం దొర్లుతోంది, అంచు దాకా వచ్చి ఆగుతోంది.