కొలతలమ్మ గది

దుకాణంలో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తేసరికి మెడలో టేపు వేసుకుని అద్దం పక్కన సిద్ధంగా ఉండేది. రోజుకు ముప్పై మందికి తక్కువ కాకుండా ఆడవాళ్ళు వచ్చేవారు. చేతులు ఎత్తమనేది, ఊపిరి వదలమనేది, టేపు చుట్టి అంకె చూసి పుస్తకంలో రాసేది. పొట్ట లోపలికి పీల్చుకుని అబద్ధమాడేవాళ్ళెవరో ఆమెకు ఇట్టే తెలిసేది. పైకి ఏమీ అనేది కాదు. ఒక వేలు వదులు కలిపి రాసేది. గౌను తొడుక్కున్నాక వాళ్ళు "నీ చెయ్యి చల్లగుండ, ఎంత బాగా అమరిందో" అని మురిసిపోయేవారు.

తన కొలత మాత్రం ఆ పుస్తకంలో ఏనాడూ రాయలేదు. తన బట్టలు తనే కుట్టుకునేది, ఛాతీ దగ్గర లోపల దూది పొర పెట్టి. పద్నాలుగో ఏట మొదలైన దూది నలభై ఒకటి నిండేదాకా సాగింది. నలభై రెండో ఏట ఒక సోమవారం ఆసుపత్రికి వెళ్ళి రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్ చేయించుకుంది.

ఎవరికీ చెప్పలేదు. దుకాణం యజమానితో కడుపులో చిన్న గడ్డ తీయిస్తున్నానంది. ఇంటికి పంపేటప్పుడు నర్సు "తోడెవరు వచ్చారు?" అని అడిగితే "కింద కారులో ఉన్నారు" అంది. కింద కారూ లేదు, మనిషీ లేదు. టాక్సీ అతను జాలిపడి సంచీ మూడో అంతస్తు దాకా మోసి, గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

అది లిఫ్టు లేని పాత భవనం. అన్నిటికంటే కింద, వీధి మట్టంలో ఉన్న అంతస్తులో ఉండేది ఆమె సొంత అక్క. లాండ్రీలో ఇస్త్రీ పని, పెళ్ళి చేసుకోలేదు. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేక ఆరేళ్ళు. చెల్లెలి మొగుడు వెళ్ళిపోయిన వారంలో ఏదో మాట మీద మాట పెరిగి అక్క, "బల్లచెక్కలా ఉంటే ఎవడుంటాడు?" అంది. చెల్లెలు ఊరుకోలేదు. "నిన్నసలు ఎవడు చూశాడు?" అంది. అప్పట్నుంచీ మెట్ల దగ్గర ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు వీధి వైపు చూసుకుంటూ పోవడమే.

డాక్టరిచ్చిన కాగితంలో అన్నీ రాసే ఉన్నాయి. చేతులు భుజాల పైకి ఎత్తకూడదు. బరువు మోయకూడదు. దిండ్లకు ఆనుకుని వెల్లకిలా పడుకోవాలి. ఆసుపత్రి వాళ్ళు తొడిగిన బిగుతు బాడీ రాత్రీ పగలూ విప్పకూడదు. చదివినప్పుడు ఇదేం పెద్ద సంగతి అనుకుంది. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, టీ పొడి డబ్బా పై అరలో ఉందని, కిటికీ రెక్క పైన ఉందని, తలుపు గడియ అంతకంటే పైన ఉందని. గడియ వేసుకోవడం మానేసింది. టీ మానేసింది. ఛాతీ మీద రెండు ఇటుకలు పెట్టి తాడుతో బిగించినట్టుండేది. తుమ్ము వస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. మూడో రోజు అద్దం ముందు బాడీ కాస్త పక్కకు జరిపి చూసుకుంది. కమిలిపోయి, ఎత్తుగా, ఎవరో కొత్త చుట్టాలు వచ్చి బిగుసుకుని కూర్చున్నట్టున్నాయి. అయినా బాగున్నాయనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి మనిషి కావాలనిపించింది. ఫోనులో పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ పక్కన పెట్టేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆమె గది ఆరు మెట్లు కిందికి దిగింది.

గేటు దగ్గర కాపలా ఉండే తాత పైకొచ్చి తలుపు మీద తట్టాడు. "ఆరు మెట్లు దిగావమ్మా. పాలవాడికి చెబుతాలే, ఇక్కడే పెట్టి పొమ్మని."

రెండో అంతస్తు లెక్కల మాస్టారు తన చెప్పుల స్టాండు పక్కకు జరుపుకుని దారి ఇచ్చారు. బస్సులో సీటు సర్దినట్టు అందరూ తలా కాస్త సర్దుకున్నారు.

"నా కాలు విరిగినప్పుడు మూడ్రోజుల్లో దిగిపోయింది నా గది" అన్నారు మాస్టారు. "మీది నిదానమే."

"నాకేం విరగలేదండీ."

"విరగకపోయినా దిగుతుందమ్మా" అని ఆయన స్కూలుకు వెళ్ళిపోయారు.

గది దిగినందుకు ఆమెకు బెంగ లేదు. ఎక్కడికి దిగుతోందన్నదే బెంగ. మూడు అంతస్తులకు ముప్పై ఆరు మెట్లు, ఆరు పోతే ముప్పై. ఆ తర్వాత అక్క గుమ్మం. ఈ అవతారంతో అక్క కంటపడితే ఇంకేమన్నా ఉందా? ఆరేళ్ళ కిందటి మాటను నిజం చేసినట్టే కదా? త్వరగా కోలుకుంటే గది ఆగుతుందని పట్టుబట్టి గదిలోనే అటూ ఇటూ నడిచింది. ఆకలి లేకపోయినా రొట్టె తింది. అయినా మరుసటి రోజు గది ఇంకో నాలుగు మెట్లు దిగింది.

"తాతా, దీన్ని ఇక్కడితో ఆపడానికి లేదా?"

"నేను గేటు కాపలావాణ్ణమ్మా" అన్నాడు తాత. "వచ్చేపోయే మనుషుల్నయితే ఆపుతాను."

తొమ్మిదో రోజు కుడివైపు ఎర్రబడింది. ముట్టుకుంటే వేడిగా ఉంది. ఆసుపత్రికి ఫోను చేద్దామనుకుంది. తోడు ఎవరున్నారని మళ్ళీ అడుగుతారని మానేసింది. రేపటికి తగ్గుతుందిలే అనుకుంది. పదకొండో రోజు చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు కొట్టుకున్నాయి. పన్నెండో రోజు లేవబోతే కాళ్ళు నిలబడలేదు. ఫోను మంచం కింద ఎక్కడో మోగి మోగి ఆగిపోయింది. కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళ నడుములు కనిపిస్తున్నాయి. గది నేలకు దిగిపోయిందని అర్థమైంది, కానీ అప్పటికి సిగ్గుపడే ఓపిక కూడా లేదు.

మధ్యాహ్నం పనికి బయల్దేరిన అక్క తన తలుపు తీసేసరికి ఎదురుగా చెల్లెలి తలుపు ఉంది. తాళం వేసుకుని రెండడుగులు వేసి ఆగింది. వెనక్కొచ్చి తట్టింది.

"ఎవరు?"

"నేనే. తలుపు తియ్యి."

"తీసే ఉంది."

అక్క లోపలికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఇస్త్రీపెట్టె దగ్గర చెయ్యి పెట్టి ఏ బట్టకు సరిపోతుందో చెప్పే మనిషి. ఆ చెయ్యి వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఏం చేయించుకున్నావ్?"

"గడ్డ... తీయించుకున్నా."

దుప్పటి తొలగించి కట్టు చూసింది అక్క. "గడ్డలు రెండు వైపులా సమానంగా వచ్చాయా?"

చెల్లెలు కళ్ళు మూసుకుంది. "పెద్దవి చేయించుకున్నానక్కా." అని, వినాల్సిన మాట కోసం ఎదురుచూసింది.

"నడవగలవా?" అంది అక్క. "గుమ్మం దాటితే వీధే. నా మీద ఆనుకో."

ఇంకో పూట ఆలస్యమైతే విషం ఒళ్ళంతా పాకేదని డాక్టర్ చెప్పాడు. ఆ సాయంత్రమే కుడివైపు పెట్టింది తీసేశారు. ఎడమవైపుది అలాగే ఉంచారు. మళ్ళీ పెట్టాలంటే మూడు నెలలు ఆగాలన్నారు. ఇంటికొచ్చేటప్పుడు కారులో ఆమె ఒక్కసారి కిందికి చూసుకుని ఏడ్చింది. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, చేతిరుమాలు మాత్రం ఇటు చాచింది.

మర్నాడు అక్క సెలవు పెట్టి, కుర్చీని సింకు ముందు వేసి ఆమె తల అంటింది. పదిహేను రోజుల జిడ్డు. వేళ్ళు గట్టివి, కానీ చెవుల వెనక నెమ్మదిగా రుద్దాయి.

"నా మాటవల్లేనా ఇదంతా?" అంది అక్క, నీళ్ళు పోస్తూ.

"నీ మాటకు ఆరేళ్ళు. నా కోరికకు ఇరవై ఎనిమిదేళ్ళు. అన్నీ నీ నెత్తిన వేసుకోకు."

అక్క చెంబు మళ్ళీ నింపింది. "అయినా అనకూడని మాట."

"నేనన్నదీ తక్కువేం కాదులే."

"తక్కువ కాదు" అని ఒప్పుకుంది అక్క. "నాలుగు రోజులు తిండి సహించలేదు." తువ్వాలు తలకు చుట్టి గట్టిగా ముడి వేసింది. "మళ్ళీ పెట్టించుకుంటావా?"

"పెట్టించుకుంటాను."

"నాకైతే అర్థం కాదు."

"నీకు అర్థం కావాలని కాదక్కా."

"సరే. ఏ రోజో ముందే చెప్పు, సెలవు పెట్టాలి" అని అక్క నేల మీద పడ్డ నీళ్ళు తుడవసాగింది.

జ్వరం తగ్గింది. కుట్లు ఎండాయి. దుకాణంలో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఒక వైపు పాతదీ ఒక వైపు కొత్తదీ కనిపించకుండా ఆమె వదులు చొక్కా వేసుకునేది. సాయంత్రం ఇంటికొస్తే అక్క తలుపు తీసే ఉండేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఒకరు ఇస్త్రీ, ఒకరు కుట్టు.

ఐదో వారంలో ఆమె గది ఒక మెట్టు ఎక్కింది. పొద్దున్నే తాత వచ్చి చూసి, ఎదురు తలుపు కూడా తట్టాడు.

"నీ గదీ ఎక్కిందమ్మా. చూసి దిగు, కాలు జారుతుంది."

అక్క గుమ్మంలో నిలబడి, కింద కొత్తగా వచ్చిన మెట్టును చూసింది. "మోకాళ్ళ నొప్పులని కదయ్యా నేను కింది అంతస్తు తీసుకుంది" అని గొణిగింది. కానీ ఆపమని ఎవరినీ అడగలేదు.

వారానికి మూడు నాలుగు మెట్ల చొప్పున రెండు గదులూ కలిసే ఎక్కాయి. మూడు నెలలు దాటి ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు వచ్చేసరికి రెండూ మూడో అంతస్తులో ఎదురెదురుగా ఉన్నాయి. ఆ పొద్దున అక్క సంచీ తన భుజానికి తగిలించుకుని, చెల్లెలు ఎంత అడిగినా ఇవ్వకుండా, ప్రతి మలుపు దగ్గరా ఆగి మోకాళ్ళు రుద్దుకుంటూ, ఈ భవనం కట్టినవాణ్ణి తిట్టుకుంటూ ముప్పై ఆరు మెట్లూ దిగింది. చెల్లెలు ఒక మెట్టు ముందు నడుస్తూ, అక్క పట్టుకోవడానికి వీలుగా భుజం కాస్త వంచి ఉంచింది.